ఓడిన ఎత్తుగడ తప్పు ఎత్తుగడేనా?

ఓడిపోయిన సాయంత్రం ప్రతి అభిమానీ కోచ్ అయిపోతాడు. "వాణ్ని ఆడించొద్దని ముందే చెప్పాను" అని ఒకరు, "అందరూ ముందుకు ఎగబడితే వెనక ఎవరు చూస్తారు" అని ఇంకొకరు. మన గూడేల్లో సంక్రాంతి వాలీబాల్ పోటీలు అయ్యాక టీ కొట్టు దగ్గర వినిపించే మాటలు ఇవే. లక్షమంది పట్టే స్టేడియం బయట వినిపించే మాటలూ ఇవే. ఓడించింది ఎక్కడో దూరపు జట్టయితే ఈ మాటలు రెండు రోజుల్లో చల్లారిపోతాయి. ఓడించింది పక్క ఊరి జట్టయితే, తాతల నాటి నుంచి పోటీ ఉన్న జట్టయితే, చల్లారవు. అప్పుడు ఎత్తుగడ గురించి మొదలైన మాట మెల్లగా మనిషి మీదికి మళ్లుతుంది. ఎత్తుగడ తప్పన్నవాళ్లే కాసేపటికి ఎత్తుగడ వేసినవాడు తప్పుడు మనిషి అంటారు.

మేము ఏజెన్సీ బడుల్లో పనిచేసే టీచర్లం. ఆటల పీరియడ్‌లో ఈల పట్టుకునేది మేమే. ఆట అయ్యాక ఏడ్చే పిల్లల్ని ఊరడించేదీ, కొట్టుకునే పిల్లల్ని విడదీసేదీ మేమే. అందుకే ఈ ప్రశ్న మాకు ఆటస్థలం దాటి కూడా కనిపిస్తుంది. ఓడిన ఎత్తుగడ తప్పు ఎత్తుగడేనా? గెలిచినదల్లా ఒప్పేనా? ఫలితం చూసి తీర్పు చెప్పడం న్యాయమేనా? దీన్ని ఊరికే గాలిలో చర్చించడం కన్నా, మన దేశంలోనే జరిగిన ఒక ఆటను పట్టుకుని చూద్దాం.

కలకత్తాలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అని రెండు ఫుట్‌బాల్ క్లబ్బులు ఉన్నాయి. మోహన్ బగాన్ 1889లో పుట్టింది, ఈస్ట్ బెంగాల్ 1920లో పుట్టింది. పశ్చిమ బెంగాల్‌లో తరాలుగా ఉన్నవాళ్లు మొదటి క్లబ్బును తమదనుకుంటారు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు రెండోదాన్ని తమదనుకుంటారు. 1947 విభజనలో ఇల్లూ పొలమూ వదిలి శరణార్థులుగా వచ్చినవాళ్లకు, పోగొట్టుకున్న నేల ఆ క్లబ్బు పేరులోనే మిగిలింది. పోలవరం ముంపులో ఊళ్లు వదిలిన మనవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. ఊరు పోయినా ఊరి పేరు వదలని మనసు ఎలా ఉంటుందో మనకు తెలుసు.

ఈ పోటీ వాళ్ల వంటింట్లో కూడా ఉంటుంది. ఈస్ట్ బెంగాల్ గెలిచిన రోజు ఇలిష్ చేప వండుకుంటారు, మోహన్ బగాన్ గెలిచిన రోజు రొయ్యలు వండుకుంటారు. ఇలిష్ అంటే మన గోదావరిలో వరద నీటికి ఎదురీదే పులసే. ఆ చేప ధర ఆట ఫలితాన్ని బట్టి పెరుగుతుందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

1997 జూలై 13న ఈ రెండు జట్లూ ఫెడరేషన్ కప్ సెమీఫైనల్లో తలపడ్డాయి. సాల్ట్ లేక్ స్టేడియానికి లక్షా ముప్పై వేలకు పైగా జనం వచ్చారు. మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా. ఆయన ఆ సీజన్‌లో 'డైమండ్' అనే పద్ధతి ప్రవేశపెట్టాడు. మధ్య మైదానంలో ఆటగాళ్లను వజ్రం ఆకారంలో నిలబెట్టి, వెనక తక్కువమందిని ఉంచి, ఎక్కువమందితో ముందుకు దూకడం దాని సారం. ఆ పద్ధతితో మోహన్ బగాన్ గోల్స్ మీద గోల్స్ కొడుతూ సెమీఫైనల్ దాకా వచ్చింది. కలకత్తా అంతా డైమండ్ గురించే మాట్లాడుకుంది. ఈస్ట్ బెంగాల్ కోచ్ పి.కె. బెనర్జీ. ఆ రోజు ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది. అందులో మూడు గోల్స్ భైచుంగ్ భూటియా ఒక్కడే కొట్టాడు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు. సిక్కింలో టింకిటం అనే కొండ ఊరి పిల్లాడు. భూటియాలు అక్కడ షెడ్యూల్డ్ తెగ.

మర్నాటి నుంచి డైమండ్ ఒక ఎగతాళి మాట అయిపోయింది. నిన్నటి దాకా మేధావి అన్న నోళ్లే ఇవాళ మూర్ఖుడన్నాయి. ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. శనివారం దాకా గొప్పదైన పద్ధతి ఆదివారం సాయంత్రానికి ఎలా చెడ్డదైపోయింది? పద్ధతి మారలేదు, ఆటగాళ్లూ మారలేదు. మారింది ఫలితం ఒక్కటే.

మన పొలం నుంచి ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక రైతు తొలకరి పడ్డాక, నేల పదును చూసి, పెద్దల్ని అడిగి విత్తనం వేశాడు. తర్వాత ఇరవై రోజులు వాన రాలేదు, మొలక ఎండిపోయింది. పక్క పొలం అతను బద్ధకించి ఆలస్యంగా వేశాడు. వాన అప్పుడే పడింది, పంట పండింది. ఇద్దరిలో ఎవరిది మంచి సేద్యం? పంటను మాత్రమే చూసేవాడు రెండో అతనిది అంటాడు. వ్యవసాయం తెలిసినవాడు మొదటి అతనిది అంటాడు. విత్తే రోజున ఏం తెలుసు, తెలిసినదాన్ని బట్టి ఏం చేశాడు అన్నదే అతను చూస్తాడు. వచ్చే ఏడు తన కొడుక్కి ఏ పద్ధతి నేర్పుతాడు? బద్ధకం నేర్పడు కదా.

ఆటలోనూ అంతే. ఆ ఏడాది ఫెడరేషన్ కప్ సంగతే చూడండి. డైమండ్‌ను పగలగొట్టిన ఈస్ట్ బెంగాల్ ఫైనల్లో గోవా జట్టు సాల్గావ్‌కర్ చేతిలో ఓడిపోయింది. మరి పి.కె. బెనర్జీ పద్ధతి సెమీఫైనల్‌కు ఒప్పు, ఫైనల్‌కు తప్పు అనాలా? సెమీఫైనల్లో కుప్పకూలిన మోహన్ బగాన్, కోచ్ మారాక, 1997-98 సీజన్‌లో జాతీయ లీగ్ గెలిచింది. ఫలితమే తీర్పయితే ఆ తీర్పు వారానికోసారి మారుతూ ఉంటుంది. వారానికోసారి మారేదాన్ని తీర్పు అనలేం.

అయితే ఫలితం నుంచి ఏమీ నేర్చుకోవద్దా? నేర్చుకోవాలి. ఫలితం తీర్పు కాదు గానీ, అది సాక్ష్యం. సాక్షి చెప్పింది విని, అడగాల్సిన ప్రశ్నలు అడిగి, ఆ తర్వాతే తీర్పుకు రావాలి. ఆ నాలుగు గోల్స్ ఇచ్చే సాక్ష్యం ఏమిటి? వేటకు పోయే మన పెద్దలకు అది వెంటనే తెలిసిపోతుంది. డప్పు కొట్టి అడవిని కదిలించేవాళ్లు కొందరుండాలి, దారి కాసేవాళ్లు కొందరుండాలి. అందరూ తరిమేవాళ్లే అయితే జంతువు ఖాళీగా ఉన్న వైపు నుంచి వెళ్లిపోతుంది. ముందుకు ఎక్కువమందిని పంపే ఏ పద్ధతిలోనైనా వెనక నేల ఖాళీ అవుతుంది. అది ఆ పద్ధతికి చెల్లించే ధర. ఎదుటి జట్టులో ఆ ఖాళీలోకి పరుగెత్తే కాళ్లు లేనంతకాలం ఆ ధర ఎవరికీ కనిపించదు. ఆ రోజు అటువైపు భైచుంగ్ ఉన్నాడు.

ఇక్కడే అసలు ప్రశ్నకు వస్తున్నాం. అటువైపు భైచుంగ్ ఉన్నాడని అమల్ దత్తాకు తెలియదా? తెలుసు. ఆట ముందు రోజుల్లో ఆయన ఎదుటి ఆటగాళ్ల పేర్లను వెక్కిరించిన సంగతి కలకత్తా ఫుట్‌బాల్ కథల్లో నేటికీ చెప్పుకుంటారు. భైచుంగ్‌ను 'చుంగ్ చుంగ్' అన్నాడట. కెన్యా నుంచి వచ్చిన ఒమోలోను 'ఆమ్లెట్' అన్నాడట. పి.కె. బెనర్జీ తన ఆటగాళ్లకు వేరే ఉపన్యాసం చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ మాటలే వాళ్లలో పట్టుదల రగిలించాయి.

మన చదువరుల్లో చాలామందికి ఈ వెక్కిరింత కొత్త కాదు. మైదాన ప్రాంతం కాలేజీలో చేరిన కోయ పిల్లవాడి ఇంటిపేరు 'కారం' అయితే, "ఉప్పు ఎక్కడరా" అని మొదటి రోజే అడుగుతారు. జంగు అని, లచ్చు అని, ముత్తి అని పిలిస్తే క్లాసంతా నవ్వుతుంది. పేరును వంకర చేయడం చిన్న సరదాలాగే కనిపిస్తుంది. కానీ పేరు వంకర చేసినవాడు ఆ పేరున్న మనిషిని అప్పటికే తన లెక్కలోంచి తీసేశాడు. వాడు ఏం చేయగలడో చూడటం మానేశాడు.

కాబట్టి అమల్ దత్తా ఎత్తుగడలో తప్పు ఎక్కడుందంటే, మేము డైమండ్‌లో ఉందని అనం. డైమండ్ ధైర్యమున్న పద్ధతి. ఆ ధైర్యాన్ని మెచ్చుకోవాలి. తప్పు చిన్నచూపులో ఉంది. ఎత్తుగడ అంటే మన ఆటగాళ్లను ఎక్కడ నిలబెట్టాలన్నది మాత్రమే కాదు. ఎదుటివాడు కూడా మనలాగే ఆలోచించే మనిషి, మనం లేని చోటును వెతికే మనిషి అని ఒప్పుకోవడంతో అది మొదలవుతుంది. ఎదుటివాణ్ని తక్కువ చేసినవాడు సగం మైదానాన్ని చూడటం లేదు.

ఒక చురుకైన విద్యార్థి ఇక్కడ మమ్మల్ని నిలదీయవచ్చు. "సార్, మీరు కూడా ఫలితం చూసే చెబుతున్నారు. మోహన్ బగాన్ గెలిచి ఉంటే ఆ వెక్కిరింత తప్పని మీరు అనేవారా?" మంచి ప్రశ్న. అందుకే ఒక పరీక్ష పెట్టుకోవాలి. స్కోరు పలక మీద గుడ్డ కప్పేసి చూడాలి. 4-1 అని తెలియకుండా చూసినా, ఇరవై ఏళ్ల కొండ పిల్లాడి పేరును వెక్కిరించడం తప్పే. అదే జట్టు 4-1తో గెలిచి ఉన్నా తప్పే. అప్పుడు ఆ తప్పు చప్పట్లలో కొట్టుకుపోయేది, అంతే. అలాగే గుడ్డ కప్పి చూస్తే డైమండ్ ఒప్పుకోదగ్గ పద్ధతే. గెలిచినా ఓడినా అంతే. ఓటమి చెడును పుట్టించదు, గెలుపు మంచిని పుట్టించదు. ఓటమి వల్ల ఒక్క మేలు జరుగుతుంది. గెలిచి ఉంటే మనం అడగని ప్రశ్నల్ని అది అడిగిస్తుంది.

ఆ ప్రశ్నల్ని ఎలా అడగాలో చూపించిన మనిషి మన తెలుగు నేల మీదే ఉన్నాడు. పి.కె. బెనర్జీ ఆటగాడిగా ఉన్న కాలంలో భారత జట్టు కోచ్ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన వృత్తిరీత్యా బడి పంతులు, మనవంటివాడే. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా ఆయన కథే. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన జట్టు మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయింది. తర్వాత థాయిలాండ్‌ను, జపాన్‌ను, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను ఓడించి ఫైనల్ చేరింది. ఫైనల్లో మళ్లీ అదే దక్షిణ కొరియా. మధ్యలో జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అతను మామూలుగా వెనక రక్షణలో ఆడే మనిషి. ఆ దెబ్బతో వెనక ఆడించడం కష్టమని, రహీం అతన్ని తీసుకెళ్లి ముందు వరుసలో నిలబెట్టాడు. సెమీఫైనల్లో అతను గోల్ కొట్టాడు, ఫైనల్లోనూ కొట్టాడు. ఫైనల్లో మరో గోల్ కొట్టింది పి.కె. బెనర్జీ. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరామ్, హైదరాబాద్ ఆటగాడు యూసుఫ్ ఖాన్ ఆ జట్టులో ఉన్నారు. భారత్ 2-1తో గెలిచి బంగారు పతకం తెచ్చింది. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీం 1963 జూన్‌లో చనిపోయాడు.

ఈ కథను గెలుపు కథగా చెప్పడం మా ఉద్దేశం కాదు. అలా చెబితే మేము కూడా ఫలితాన్నే పూజించినట్టవుతుంది. ఫైనల్లో కొరియా ఇంకో గోల్ కొట్టి ఉన్నా, రహీం చేసిన పని విలువ తగ్గదు. 0-2 ఓటమి తర్వాత ఆయన దాన్ని సాక్ష్యంగా చూశాడు. ఓడించిన జట్టును గౌరవించి చదివాడు. గాయపడ్డ ఆటగాణ్ని చూసి "ఇతను పనికిరాడు" అనలేదు, "ఇతను ఇప్పుడు ఎక్కడ పనికొస్తాడు" అని అడిగాడు. టీచర్లకు ఇంతకన్నా మంచి పాఠం మేము ఎక్కడా చదవలేదు.

ఇక అభిమాని సంగతి. మైదానంలోకి దిగనివాడికి విమర్శించే హక్కు లేదని కొందరు అంటారు. మేము ఒప్పుకోం. అభిమానం పెట్టినవాడికి మాట్లాడే హక్కు ఉంటుంది. ఎంత దూరం మాట్లాడవచ్చు అన్నదే ప్రశ్న. 1975 సెప్టెంబర్ 30న ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో మోహన్ బగాన్ 0-5తో ఈస్ట్ బెంగాల్ చేతిలో ఓడినప్పుడు, ఆ అవమానం తట్టుకోలేక ఒక యువ అభిమాని ప్రాణం తీసుకున్నాడు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఇదే రెండు జట్ల ఆటలో మైదానంలో రేగిన గొడవ గ్యాలరీకి పాకి, 16 మంది అభిమానులు చనిపోయారు. ఇంటి నుంచి ఆట చూడటానికి బయల్దేరినవాళ్లు వాళ్లు. ఎత్తుగడను తిట్టడంతో మొదలైన మాట మనిషిని తిట్టడం దాకా పోతే, అక్కడి నుంచి చేయి చేసుకోవడానికి, ప్రాణాలు పోవడానికి ఎక్కువ దూరం ఉండదు.

మన పెద్దలు ఓటమిని ఎలా చూశారు? మన్యంలో ఇటుకల పండుగ రోజుల్లో మగవాళ్లు వేటకు పోతారు. ఏమీ దొరక్కుండా తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఆటపట్టిస్తారు. వదిన మరిదిని విడిచిపెట్టదు, మరదలు బావను విడిచిపెట్టదు. కానీ ఆ నవ్వులాట అందరి మీదా సమానంగా పడుతుంది. గురి తప్పిన ఒక్కడినే నిలబెట్టి, "నీ వల్లే" అని ఊరు వెలివేయదు. ఓటమికి నవ్వు ఉంది, వరుసలతో కూడిన మందలింపు ఉంది. మర్నాడు మళ్లీ అందరూ కలిసే అడవికి పోతారు. ఓడినవాణ్ని మళ్లీ పిలవడమే ఆ సంప్రదాయంలో మాకు కనిపించే న్యాయం.

ఈ ప్రశ్న మన బతుకుల్లోకి ఎంత లోతుగా వస్తుందో ఒక్క మాటలో చెప్పి ముగిస్తాం. పదో తరగతి ఫలితాలు వచ్చినప్పుడు మన బడిలో పాస్ శాతం తగ్గితే, "గిరిజన పిల్లలు ఇంతే" అనే మాట వినిపిస్తుంది. ఇంట్లో కోయ, గోండి, కువి మాట్లాడే బిడ్డకు ఒకటో తరగతి నుంచే రాని భాషలో పాఠం చెప్పారు. అది ఒక ఎత్తుగడ. దాన్ని వేసినవాళ్లు వేరు, మైదానంలో పరుగెత్తినవాళ్లు ఈ బిడ్డలు. ఓటమి రాగానే ఎత్తుగడను ఎవరూ అడగరు, బిడ్డ తెగను అడుగుతారు. పెద్ద జట్టు ఓడితే "కోచ్ పద్ధతి బెడిసికొట్టింది" అంటారు. మన పిల్లలు ఓడితే "వాళ్ల బుర్రలే అంత" అంటారు. ఎత్తుగడను ప్రశ్నించాల్సిన చోట మనిషిని ప్రశ్నించడం ఎంత అన్యాయమో, ఈ ఒక్క పోలిక చాలు.

అందుకని యువతకు మా మాట ఇది. ఈసారి మీ జట్టు పక్క ఊరి చేతిలో ఓడినప్పుడు, టీ కొట్టు దగ్గర గట్టిగానే వాదించండి. ఆట ముందు మనకు ఏం తెలుసు, తెలిసినదాన్ని బట్టి వేసిన ఎత్తుగడ సరైనదేనా అని అడగండి. ఎదుటి జట్టును ఎంత శ్రద్ధగా చూశామో అడగండి. ఎవరికి రాని పని ఎవరికి అప్పగించామో అడగండి. ఏ పిల్లవాడి పేరూ, ఏ ఊరి పేరూ, ఏ తెగ పేరూ తిట్టుగా మార్చకండి.

టీచర్లకు ఇంకొక్క మాట. ఓడిన జట్టును బస్సు ఎక్కించే ముందు, ఎదుటి జట్టులో బాగా ఆడిన ఒక పిల్లవాడి పేరు సరిగ్గా పలకమని మన పిల్లల్ని అడగండి. వాడు ఏం చేసి గెలిచాడో చెప్పమనండి. వచ్చే ఏడాది ఎత్తుగడ ఆ జవాబులోంచే మొదలవుతుంది.